బెదరని గుర్రం

మావయ్య పోయాడని తెనాలి నుంచి ఫోనొస్తే మా అమ్మ ముందుగా అడిగిన మాట, "నిజంగానేనా?"

అవతల అత్తయ్య ఏం చెప్పిందో నాకు వినపడలేదు. "సరే వదినా, బయల్దేరతాం" అని అమ్మ ఫోను పెట్టేసి, వంటింట్లోకెళ్ళి సగం తరిగి వదిలేసిన బెండకాయలు మొత్తం తరిగింది. పోయింది సొంత అన్నయ్య. తరిగిన ముక్కలు ఫ్రిజ్జులో పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏడుపు రావట్లేదేంటే?" అని నన్నడిగింది. బాపట్లలో నాకు మందుల షాపుంది. లోకంలో దేనికైనా నా దగ్గర మాత్ర ఉంటుందని అమ్మ నమ్మకం.

షాపు షట్టరు దించుతుంటే పక్క చెప్పుల కొట్టాయన ఎందుకని అడిగాడు. చెప్పాను. "ఎవరూ, తెనాలి గుర్రాలాయనా?" అని, "అయ్యో" అనబోయి మధ్యలో ఆగి, "పోన్లెండి, పెద్దవయసే కదా" అన్నాడు. ఆయన తమ్ముడు ఒకప్పుడు మావయ్య దగ్గర గుర్రం కొన్నాడు.

మావయ్య పేరు నేనిక్కడ రాయను. ఆయన కూడా తన గుర్రాలకి పేర్లు పెట్టలేదు. "పేరు పెడితే బేరం చెడుద్దే" అనేవాడు. ఎర్రది, తెల్లది, మచ్చది. అంతవరకే.

తెనాలి ఊరి చివర కాలవ పక్కన ఇల్లు. ముందు వాకిలి, వెనక రేకుల పాక. తాతయ్య ఇచ్చిన పొలం కౌలుకిచ్చేసి ఈయన గుర్రాల వ్యాపారంలోకి దిగాడు. పెళ్ళి ఊరేగింపులకి, దేవుడి ఉత్సవాలకి, నామినేషన్ల ర్యాలీలకి, కాలేజీ ఫంక్షన్లకి గుర్రాలు అద్దెకిచ్చేవాడు. కొనేవాడు, అమ్మేవాడు, తను అమ్మినవే మళ్ళీ కొనేవాడు. ఆ చివరిదాంట్లోనే ఆయనకి ఎక్కువ మిగిలేదని మా నాన్న అంటుండేవాడు.

చూసినవాళ్ళకి చాలా నెమ్మదస్తుడనిపించేవాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట చిన్న గంధం బొట్టు. గొంతు పెంచడు. ప్రతి మాటకీ 'అండి'. నలుగురి ముందు గుర్రం మీద చెయ్యి చేసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. కొనడానికొచ్చినవాళ్ళ ముందు అది తీసి గుర్రం మూతి దగ్గర ఆడించేవాడు. గుర్రం ఆయన వెనకే పాకంతా తిరిగేది. "ఎంత మాలిమో చూడండి" అని వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. వాళ్ళు అటు గేటు దాటగానే ఆ బెల్లం ముక్క తన నోట్లో వేసుకునేవాడు. గుర్రం ఇంకా మూతి చాపుకుని నిలబడే ఉండేది.

చిన్నప్పుడు అది చూసి, "దానికి పెట్టవా మావయ్యా?" అన్నాను.

"పెట్టేస్తే రేపు దేనికోసం వచ్చుద్దే?" అన్నాడు చప్పరిస్తూ.

మనుషులతో మాట్లాడేటప్పుడు మొహంలోకి చూసేవాడు కాదు, కాళ్ళ వైపు చూసేవాడు. మా అమ్మకి మోకాలి నొప్పి మొదలవుతోందని అమ్మకన్నా ముందు ఆయనకే తెలిసింది. "ఎడమకాలు ఈడుస్తున్నావ్ చెల్లాయ్. ఇక అంతే నీ పని" అన్నాడు టీ తాగుతూ. నా పెళ్ళిచూపుల్లో, పెళ్ళికొడుకు గుమ్మం దగ్గర్నుంచి సోఫా దాకా నడిచే తీరు చూసి, "నడక బానే ఉంది. ఖాయం చేసుకోండి" అన్నాడు అందరి ముందూ. అంతా పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. అది పరాచికం కాదని నాకు తెలుసు, ఆ తరవాత మా ఆయనకీ తెలిసింది.

కొన్నవాళ్ళు గొడవకి రావడం ఆ ఇంట్లో రోజూ ఉండే వ్యవహారమే. సెలవలకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. మనిషి కోపంతో గేటు తోసుకుని వస్తాడు. మావయ్య లేచి నిలబడి నవారు మంచం చూపిస్తాడు. "ముందు కూర్చోండి. ఎండనపడి వచ్చారు." అత్తయ్య మజ్జిగ తెస్తుంది. వచ్చినాయన చెప్పేదంతా మావయ్య తల ఊపుతూ, అడ్డం రాకుండా, చివరిదాకా వింటాడు. విని, "అయితే ఏం చేద్దామంటారండీ?" అంటాడు. అని ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం మామూలు ఊరుకోవడం కాదు. ఆయన కళ్ళు ఎదుటి మనిషి చెప్పుల మీద ఉంటాయి. వాకిట్లో ఈగ వాలిన చప్పుడు కూడా వినపడుతుంది. గేటు తోసుకుని వచ్చిన మనిషి కాసేపు అటూ ఇటూ కదిలి, గ్లాసు కింద పెట్టి, "అది కాదండీ, మీరే ఏదో ఒకటి చెయ్యాలి" అని బతిమాలడం మొదలుపెడతాడు. అక్కడితో బేరం మావయ్య చేతిలోకొచ్చేస్తుంది.

కర్లపాలెం నుంచి ఒక రైతు వచ్చాడు ఒకసారి. కొడుకు పంచెకట్టు ఫంక్షన్ కోసం గుర్రం కొన్నాడు. అది నీళ్ళు కనపడితే చాలు, కాళ్ళు మడిచి పడుకుని దొర్లుతుంది. పట్టుబట్టల్లో ఉన్న కుర్రాణ్ణి ఊరందరి ముందు బురదగుంటలో దొర్లించింది. ఆ రైతు చెప్పుకుంటూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"స్నానమంటే ఇష్టమండి దానికి" అన్నాడు మావయ్య. "శుభ్రం తెలిసిన గుర్రం. మీ ఊరి రోడ్లు అలా ఉంటే అదేం చేస్తుందండీ పాపం?"

ఇచ్చినదాంట్లో సగం కూడా రాకుండానే ఆ రైతు గుర్రాన్ని వదిలేసి వెళ్ళాడు. మావయ్య దాన్ని ఎండలు ముదిరేదాకా పాకలో ఉంచి, ఎక్కడా నీటి చుక్క కనపడని రోజుల్లో ఇంకొకరికి అమ్మాడు.

"నీకు అబద్ధాలాడటానికి సిగ్గుగా ఉండదా మావయ్యా?" అన్నాను. అప్పటికి కాలేజీలో చదువుతున్నాను, అలాంటి ప్రశ్నలు అడిగే వయసు.

"గుర్రానికి అబద్ధమాడటం రాదే. అందుకని దాని తరఫున నేనాడాలి" అన్నాడు.

ఆ మాట మా చుట్టాల్లో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ చెప్పుకుని నవ్వాను. నాగమణి సంగతి జరిగేదాకా.

నాగమణి నా షాపుకొచ్చే మనిషి. సూర్యలంక బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. భర్త సుబ్బారావు ఆటో నడిపేవాడు. పక్షవాతమొచ్చి కుడి పక్క పడిపోయింది. మాట మాత్రం నిలిచింది. ఆయన మాత్రల కోసం వచ్చినప్పుడల్లా కౌంటరు మీద మోచేతులాన్చి ఏదో ఒకటి చెప్పేది. పొగకి ఎప్పుడూ కళ్ళు ఎర్రగా ఉండేవి. బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి ఒక పొట్టిగుర్రం ఉంటే ఈ పొయ్యి బాధ తప్పుతుందని ఆమె ఆలోచన.

"తెనాలి ఆయన మీ మావయ్యంట కదక్కా. ఒక మంచి గుర్రం ఇప్పించు."

"ఇప్పించను. ఎవరి దగ్గరైనా కొనుక్కో, ఆయన దగ్గర మాత్రం వద్దు" అన్నాను.

ఆమె నవ్వింది. "నువ్వు పక్కనుంటే మోసం చేస్తాడా? సొంత మేనకోడలివి."

వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఒక్కదాన్నే పంపితే ఇంకా అన్యాయమైపోతుందని వెంట వెళ్ళాను.

మావయ్య ముందు ఆమె రబ్బరు చెప్పులు చూశాడు. "ఇసకలో తిరిగే కాళ్ళు. బీచికా అమ్మా?" అన్నాడు. పాకలో చివరన కట్టేసి ఉన్న గుర్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. పొట్టిది, బూడిద రంగు, కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. బెల్లం ఆడించాడు. గుర్రం వెనకే తిరిగింది. నేను నాకు తెలిసినంతలో కాళ్ళు చూశాను, పళ్ళు చూశాను, కళ్ళ ముందు చెయ్యి ఊపి చూశాను. దేనికీ వంక పెట్టలేకపోయాను.

"బీచిలో గోల ఎక్కువమ్మా" అన్నాడు మావయ్య. "పిల్లల కేకలు, బండ్ల హారన్లు. నీకు బెదరని గుర్రం కావాలి."

అని, ఒక సీమటపాకాయల దండ తెచ్చి ఆ గుర్రం వెనకే అంటించాడు. పాకలో మిగతా గుర్రాలన్నీ తాళ్ళు తెంపుకునేలా ఎగిరాయి. కాలవ అవతల మేస్తున్న గేదెలు పరిగెత్తాయి. నేను చెవులు మూసుకున్నాను. బూడిద రంగు గుర్రం నోట్లో ఉన్న గడ్డి నములుతూ నిలబడింది. ఒంటి మీద వెంట్రుక కదలలేదు.

నాగమణి చప్పట్లు కొట్టి నవ్వింది. "బంగారం అక్కా ఇది!"

మావయ్య అప్పుడు నా మొహంలోకి చూశాడు. "నీ ముందే పేల్చాను మేనకోడలా" అన్నాడు.

వ్యాన్లో బాపట్ల చేరేలోపే నాగమణి దానికి చిట్టి అని పేరు పెట్టింది.

వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. బీచిలో చిట్టి మీద ఒక చిన్నపాప కూర్చుని ఉంటే, వెనకనుంచి జీపొకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. జనం పక్కకి తప్పుకున్నారు. చిట్టి తప్పుకోలేదు. డ్రైవరు బ్రేకు మీద నిలబడితే గానీ బండి ఆగలేదు. ఆ సాయంత్రం నాగమణి దాని వెనక నిలబడి పొత్తులు కాల్చే ఇనప మూకుడుని గరిటెతో బాదింది. చిట్టి తోకతో ఈగలు తోలుకుంటూ ఉండిపోయింది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు చూసి, రెండు చెవులూ పనిచెయ్యవన్నాడు.

ఇద్దరం తెనాలి వెళ్ళాం. మంచం, మజ్జిగ, అన్నీ మామూలే. మావయ్య చివరిదాకా విన్నాడు.

"అయితే ఏం చేద్దామంటావమ్మా?"

"చెవిటి గుర్రాన్ని నాకంటగట్టారు బాబాయ్" అంది నాగమణి.

"బెదరని గుర్రం కావాలన్నావు, ఇచ్చాను. వినపడే గుర్రం కావాలని అడిగావా? అడిగుంటే చెప్పేవాణ్ణి కదా." చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. "పోనీ వెనక్కిచ్చెయ్. తీసుకుంటాను. కాకపోతే చెవిటి గుర్రానికి చెవిటి గుర్రం ధరే వచ్చుద్ది. అది నువ్వూ ఒప్పుకోవాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు మనిషివేనా మావయ్యా?" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూళ్ళేదు. నాగమణి చెప్పుల వైపు చూస్తూ ఊరుకున్నాడు. అక్కడ ఉండలేక మజ్జిగ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అత్తయ్య గిన్నెలు తోముతోంది. "అది పుట్టు చెవుడేనా అత్తయ్యా?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "కొని తెచ్చినప్పుడు బానే వినపడేది. నేను గంజి బకెట్టు చప్పుడు చేస్తే చాలు, సకిలించేది" అంది. ఇంకో గిన్నె అందుకుని, "ఏదో తెచ్చి చెవుల్లో పోశాడు. ఊరేగింపుల్లో బెదరకుండా ఉండటానికంట. అది అరుస్తుంటే నేను టీవీ సౌండు పెంచుకున్నాను" అంది.

తోమిన గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, "పెసరట్లు వేస్తాను, తినెళ్ళండి" అంది.

రైల్లో నాగమణికి ఈ మాట చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె నిడుబ్రోలు దాటేదాకా కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంది. తరవాత, "నేను వెనక్కివ్వనక్కా" అంది. "ఆయన చేతికి మళ్ళీ ఇవ్వను."

ఇవ్వలేదు. చిట్టికి చేత్తో నేర్పుకుంది. దగ్గరికెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఎదురుగా, అది చూసేలా వెళ్ళేది. మెడ మీద అరచెయ్యి ఆనిస్తే ఆగాలి, వేళ్ళతో గీస్తే నడవాలి. అట్టముక్క మీద 'దీనికి వినపడదు, పక్కనుంచి వెళ్ళండి' అని రాయించి జీనుకి కట్టింది. జనం ఆ అట్ట చదివి జాలిపడి పిల్లల్ని ఎక్కించేవాళ్ళు. ఎక్కిన పిల్లలు దిగనని ఏడ్చేవాళ్ళు. నాగమణి దానితో రోజంతా మాట్లాడుతూనే ఉండేది. "వినపడని దాంతో ఏంటే నీ కబుర్లు?" అంటే, "నా మూతి చూస్తదక్కా" అనేది. ఆమె కళ్ళ ఎరుపు పోయింది. సుబ్బారావుకి చక్రాల కుర్చీ కొంది. ఆ ఏడాది ఆమె నవ్వినంతగా ఆ వీధిలో ఎవరూ నవ్వి ఉండరు.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. కారంచేడులో ఒక ఊరేగింపులో మావయ్య తెల్లగుర్రం డీజే మొదటి దెబ్బకే లేచి పెళ్ళికొడుకుని కింద పడేసింది. ఆ కబురు అన్ని ఊళ్ళకీ పాకింది. రేపల్లెలో ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్ళికి మావయ్య అప్పటికే గుర్రం ఒప్పుకుని ఉన్నాడు. బెదరని గుర్రమైతేనే తెమ్మని వాళ్ళు ఖచ్చితంగా చెప్పారు.

ఆయన సూర్యలంక వచ్చాడు. ఒక్కపూట అద్దెకివ్వమని నాగమణిని అడిగాడు.

"ఇవ్వను బాబాయ్."

"నువ్వెంతంటే అంత."

"ఎంతైనా ఇవ్వను."

ఆయన ఆమె పక్కనే ఇసకలో కూర్చుని మధ్యాహ్నమంతా మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆమె తన పని తను చేసుకుంది. పొద్దువాలాక లేచి, పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు. "ఆయన మౌనం నా దగ్గర పారలేదక్కా" అని నాగమణి షాపులో చెప్పి విరగబడి నవ్వింది.

మర్నాడు ఆమె రేషన్ కోసం బయటికెళ్ళిన సమయం చూసి మావయ్య ఆమె ఇంటికెళ్ళాడు. సుబ్బారావు ఒక్కడే ఉన్నాడు. అక్కడేం జరిగిందో తరవాత సుబ్బారావే నాకు చెప్పాడు.

"ఆయన నా కాళ్ళ వైపు చూళ్ళేదమ్మా. ఇంటికొచ్చే ప్రతివాడూ ముందు ఈ పడిపోయిన కాలే చూస్తాడు. ఆయన నా మొహంలోకి చూసి, 'ఇంటి యజమాని మీరు. ఆడవాళ్ళతో మాట్లాడటం నాది తప్పు. మీ నోటి మాట కోసం వచ్చానండి' అన్నాడు. నన్నెవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో తెలుసా అమ్మా? తీసుకెళ్ళండి అన్నాను."

నాగమణి తిరిగొచ్చేసరికి చిట్టిని కట్టేసే గుంజ ఖాళీగా ఉంది.

రేపల్లె పెళ్ళికని సుబ్బారావు చెప్పగానే నేనూ నాగమణీ బస్సు పట్టుకున్నాం. కర్లపాలెం, చెరుకుపల్లి దాటుకుంటూ బస్సు ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది. నాగమణి ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది, తను నిలబడితే బస్సు తొందరగా వెళుతుందన్నట్టు. రేపల్లెలో దిగేసరికి పొద్దు వాలుతోంది. పెళ్ళి ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. బస్టాండు దాకా నేల అదురుతోంది.

వీధికి అడ్డంగా లారీ, దాని మీద ఇల్లంత ఎత్తున పెట్టెలు. దాని వెనక కుర్రాళ్ళు ఎగురుతున్నారు. వాళ్ళ వెనక చిట్టి. పూసల జీను, తలకి కుచ్చు, మీద భారీ మనిషి పెళ్ళికొడుకు. వాళ్ళు పెద్ద గుర్రం అనుకుని ఉంటారు. చిట్టి వీపు కిందికి వంగిపోయింది. చెవులు వినపడకపోయినా ఆ మోత గిట్టల్లోంచి ఎక్కుతున్నట్టుంది, చర్మమంతా అలలు అలలుగా వణుకుతోంది. కళ్ళెం మావయ్య చేతిలో ఉంది.

నాగమణి జనాన్ని తోసుకుంటూ ఎదురుగా వెళ్ళింది. చిట్టి ఆమెని చూసింది. ఆమె మెడ మీద అరచెయ్యి పెట్టగానే వణుకు తగ్గింది.

"దించండి. నా గుర్రాన్ని నేను తీసుకుపోతా" అని అరిచింది.

"అద్దె మాట్లాడింది మీ ఆయనతో. ఊరేగింపు అయ్యాక తోలుకుపో" అన్నాడు మావయ్య. ఆ మోతలో కూడా ఆయన గొంతు పెరగలేదు. తరవాత కళ్ళెం ఆమె చేతిలో పెట్టి, నా వైపు తిరిగి, "మంచిదయింది. కుర్రాణ్ణి పెట్టుకునే పని తప్పింది" అన్నాడు.

ఆమెకి వేరే దారి లేదు. ముందూ వెనకా జనం. చిట్టి పక్కనే నడిచింది. పందిరి దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్ళు గుర్రాన్ని డాన్సు చేయించమని గోల మొదలుపెట్టారు. నాగమణి వద్దంటుంటే ఇద్దరు ఆమెని భుజం పట్టి పక్కకి లాగేశారు. కళ్ళెం జారిపోయింది. ఎవరో దాని ముక్కు పట్టుకుని వెనక్కి తిప్పారు. ఇప్పుడు చిట్టి వీపు లారీ వైపు ఉంది.

పందిరికి దారి ఇవ్వడానికి లారీ వెనక్కి రావడం మొదలైంది. క్లీనరు కేకలు వేస్తున్నాడు. హారన్ మోగుతోంది. కుర్రాళ్ళంతా ఒక్క గెంతులో పక్కకి దూకారు. నేను, నాగమణి, ఇద్దరం ఒకేసారి అరిచాం. ఎవరి కోసం అరిచామో దానికి తప్ప అందరికీ వినపడింది.

పెళ్ళికొడుకు మెత్తగా జనం మీద పడ్డాడు. చిట్టి వెనక కాలు చక్రం కింద నలిగింది.

అందరూ పెళ్ళికొడుకు చుట్టూ మూగారు. మావయ్య అందరికన్నా ముందు చేరి ఆయన బట్టలు దులిపాడు, భుజాలు తడిమాడు. దెబ్బ తగల్లేదని తెలిశాక చిట్టి దగ్గరికొచ్చి కాలు చూశాడు. ఆ చూపుకి క్షణం కూడా పట్టలేదు. పెళ్ళివారి పెద్దాయన కోపంగా వచ్చి, "ఎవరిదండీ ఈ గుర్రం?" అన్నాడు.

"నాది కాదండి" అన్నాడు మావయ్య. రోడ్డు మీద కూర్చుండిపోయిన నాగమణిని చూపించి, "ఇదుగో, ఈమెదండి" అన్నాడు.

"ఎవరిదైతే ఏంటి, దారిలోంచి తీయించండి. ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు పెద్దాయన. పెళ్ళికొడుకు పందిట్లోకి నడిచి వెళ్ళాడు. పెట్టెల్లో పాట మళ్ళీ అందుకుంది.

చిట్టి లేవాలని చూస్తోంది. ముందు కాళ్ళ మీద సగం లేచి, మళ్ళీ పడుతోంది. నాగమణి దాని మెడ మీద అరచెయ్యి ఆనించింది. ఆగమని. అది ఆగింది. పశువుల డాక్టరు వచ్చి చివరి సూది వేసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు, అది మళ్ళీ కదల్లేదు.

డాక్టరు రాకముందే మావయ్య వంగి బకిల్సు విప్పడం మొదలుపెట్టాడు. చిట్టి ఊపిరి తీస్తూనే ఉంది. దాని పొట్ట కిందనుంచి పట్టీ లాగాడు.

"ఏం చేస్తున్నావ్ మావయ్యా?" అన్నాను.

"జీను నాదే" అన్నాడు. పూసల మీద దుమ్ము తుడుచుకుని, భుజాన వేసుకుని, వ్యాను వైపు వెళ్ళిపోయాడు.

ఆ తరవాత నాగమణి మళ్ళీ పొత్తుల పొయ్యి పెట్టుకుంది. మొగుణ్ణి ఒక్కమాట అనలేదు. వేళకి అన్నం పెట్టేది, వేళకి మాత్ర నోట్లో వేసేది, కుర్చీ ఎండలోంచి నీడలోకి జరిపేది. "తిట్టమని చెప్పమ్మా, ఒక్కసారి తిట్టమని చెప్పు" అని సుబ్బారావు నన్ను బతిమాలాడు. నేను చెప్పాను. ఆమె మాట మార్చింది. మావయ్య మాత్రం తరవాత ఒక పెళ్ళిలో ఎదురుపడి, ఏమీ జరగనట్టే నా కాళ్ళ వైపు చూసి, "బరువు పెరిగావ్ మేనకోడలా" అన్నాడు. జవాబు చెప్పకుండా వచ్చేశాను. అదే చివరి మాట.

తెనాలిలో వాకిట్లో ఐస్ బాక్సు పెట్టారు. అదే ఇస్త్రీ చొక్కా, అదే గంధం బొట్టు. వచ్చినవాళ్ళు ఒక దండ వేసి, ఒక నిమిషం నిలబడి, షామియానా కిందకి వెళ్ళి ఫోన్లు చూసుకుంటున్నారు. మధ్యాహ్నం దాటాక గేట్లో నాగమణి కనిపించింది. చెప్పుల కొట్టాయన చెప్పి ఉంటాడు.

ఆమె దండ తేలేదు. చేతులు జోడించలేదు. బాక్సు దగ్గర నిలబడి అద్దంలోంచి కాసేపు చూసింది. తరవాత అత్తయ్య దగ్గరికెళ్ళి ఎదురుగా కూర్చుని, "అమ్మా, నాకో గుర్రం కావాలి" అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "శవం లేవకముందే ఇదేం అడగడమమ్మా?" అంది ఒకావిడ. అత్తయ్య నాగమణిని చాలాసేపు చూసింది. ఎందుకని అడగలేదు. లేచి, చెంగు నడుముకి దోపి, పెరట్లోకి నడిచింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం.

పాకలో గుర్రాలు వరసగా కట్టేసి ఉన్నాయి. ఎవరో ఇంతకుముందే గడ్డి వేసినట్టున్నారు.

"నీకొకటి మేం బాకీ" అంది అత్తయ్య. "నీకు నచ్చింది తోలుకుపో. అడ్డం చెప్పేవాడు ఇంక లేడు."

నాగమణి వరస మొత్తం ఒకసారి చూసింది. "నచ్చడానికేముందమ్మా. వినపడేది ఏదైనా ఒకటి ఇవ్వండి, చాలు."

అత్తయ్య గుంజకి ఆనుకుంది.

"ఏదమ్మా?"

"లేదు" అంది అత్తయ్య.

"ఏం లేదు?"

"వినపడేది లేదమ్మా. రేపల్లె పెళ్ళి వీడియో చూసి ఊరూరి నుంచీ ఫోన్లు చేశారు. అంత మోతలో బెదరకుండా నడిచింది, అట్టాంటిదే కావాలని. ఇప్పుడన్నీ అంతే."

నాగమణి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. గుర్రాలు ఒకదాని పక్కన ఒకటి, తలలు దించుకుని, తోకలు ఊపుకుంటూ ఉన్నాయి. చివరికి ఆమె ఎర్రగుర్రానికి ఎదురుగా, అది చూసేలా వెళ్ళి నిలబడింది. అది తలెత్తి చూశాక మెడ మీద అరచెయ్యి పెట్టింది. తాడు విప్పి, పెరటి దారిన కాలవ గట్టు మీదకి నడిపించుకుంటూ వెళ్ళింది. వెనక్కి తిరగలేదు.

ముందు వాకిట్లో శవాన్ని లేపారు. డప్పులు ఒక్కసారిగా మోగాయి. నా కాళ్ళ కింద నేల, నెత్తి మీద రేకులు అదిరాయి. ఇంట్లోంచి ఏడుపులు పైకి లేచాయి. పాకలో మిగిలిన గుర్రాల్లో ఒక్కటైనా గడ్డిలోంచి తల ఎత్తలేదు.